ఊరంతా చూడాల్సిన ఉరి

వెనకటికి, ఎన్నో కొండలకవతల, నీలాద్రిపురాన్ని ఏలే రాజు ఒకడుండేవాడు. పేరు చండసేనుడు. చెడ్డవాడు కాడు, తొందరమనిషి. ఊళ్ళో దొంగతనాలు ఎక్కువై, ఏం చెయ్యాలో తోచక తల పట్టుకు కూచున్నాడు.

అప్పుడొచ్చాడు కరాళకేతు అనే మాంత్రికుడు.

"రాజా, ఊరి మధ్య ఉరికంబం పాతించు. దొంగని ఉరితీయించు. ఊరంతా వచ్చి చూడాలి. ఇంట్లో ఒక్కరూ మిగలకూడదు. భటులంతా చుట్టూ నిలబడాలి. ఆ భయం కడుపులోకి దిగిందంటే ఇంక దొంగనేవాడు ఉండడు" అన్నాడు.

రాజు సరేనన్నాడు. బంగారం ఎత్తుకెళ్ళినవాణ్ణి ఉరితీశారు. ఊరంతా చూసింది. దొంగతనాలు పెరిగాయి.

"భయం చాల్లేదు రాజా. కంబం ఎత్తు పెంచు."

పెంచారు. ధాన్యం ఎత్తుకెళ్ళినవాణ్ణి ఉరితీశారు. ఊరంతా చూసింది. దొంగతనాలు ఇంకా పెరిగాయి.

"ఇంకా చాల్లేదు రాజా. ఉరి చూడ్డానికి రానివాడే దొంగ. వాణ్ణి ఉరితియ్యి."

కిందటి ఉరికి రానివాడు ఒకడు దొరికాడు. ఎల్లమంద. జ్వరంతో దుప్పటి కప్పుకుని పడుకుంటే, దుప్పటితోనే ఈడ్చుకొచ్చి ఉరితీశారు. ఊరంతా చూసింది. పెళ్ళాం గవరమ్మ చేత, కూతురు నాగవల్లి చేత కూడా చూపించారు. కొడుకు కొమరయ్య మాత్రం గుమ్మంలో కూచుండిపోయాడు. "మా అయ్యని చంపుతుంటే నేను చూడాలా? రాను పో!" అన్నాడు.

రాలేదు కనక కొమరయ్య దొంగయ్యాడు. వచ్చే పున్నమికి ఉరి.

రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు "కంబం ఇంకా పెంచండి" అన్నాడు. రెండోవాడు "తాడు ఇంకా లావుగా పేనించండి" అన్నాడు. మూడోవాడు చిత్రభాను. అతనికి గుర్రమెక్కడం నేర్పింది కొమరయ్యే.

"నాన్నగారూ, కొమరయ్య దొంగ కాడు."

"మరి ఉరి చూడ్డానికి ఎందుకు రాలేదు?"

"ఆ ఉరి వాళ్ళ నాన్నది కనక!"

రాజు మాంత్రికుడి వంక చూశాడు. "ఇవాళ జాలిపడితే రేపు నెత్తినెక్కుతారు" అన్నాడు మాంత్రికుడు. రాజు తలూపాడు.

చిత్రభానుకి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా గవరమ్మ ఇంటికెళ్ళాడు.

"ఎందుకొచ్చావు బాబూ? నా కొడుకు మెడ ఎంత లావుందో చూసి పోదామనా?" అంది గవరమ్మ.

చిత్రభాను తలొంచుకుని పెరటివైపు నడిచాడు. పెరట్లో నాగవల్లి తండ్రికి పిండం పెట్టి ఎదురుచూస్తోంది. ఓ ముసలి కాకి వచ్చి వాలింది. పిండం తిని, ముక్కు తుడుచుకుని మాట్లాడింది.

"అమ్మాయీ, నీ తిండి తిన్నాను, నిజం చెబుతాను. ఏడు సముద్రాలవతల ఇనప పంజరంలో ఓ చిలక ఉంది. మాంత్రికుడి ప్రాణం దాన్లోనే. ఇక్కడ ఒక ఉరి పడితే అక్కడ దానికో కొత్త ఈక వస్తుంది. ఒక్కో ఈకకీ వాడి ఆయుష్షు పెరుగుతుంది. దొంగతనాలు తగ్గితే వాడికేం, పెరిగితే వాడికేం?"

"దారి చూపిస్తావా?" అన్నాడు చిత్రభాను.

"దొరా, మా అన్న ప్రాణం మీ చేతుల్లో ఉంది. దారిలో చేపలు పట్టుకుంటూ కూచోకండి" అంది నాగవల్లి.

కాకి దారి చూపింది. ఓ తాబేలు అతన్ని వీపు మీద మోసింది. "రాజకుమారులు ఇంత బరువా! తగ్గించి తినరాదూ?" అని సముద్రానికోసారి సణిగింది. అగాధం మీద వేలాడుతున్న పంజరం దగ్గర ఓ ఎలుక తాడు కొరికి పెట్టింది. పంజరం జారి చిత్రభాను చేతుల్లో పడింది. చిలక తోకలో మూడు ఈకలు నిగనిగలాడుతున్నాయి. మూడోది ఎవరిదో అతనికి తెలుసు.

పున్నమి ముందురోజు ఊరు చేరి, ఉత్తరీయం చాటున చిలక తోక మాంత్రికుడికి చూపించాడు. వాడు చెమటలు కక్కాడు.

"ఏం చెయ్యమంటావు నాయనా?"

"రేపు ఉరి దగ్గరికి భటులు రానక్కర్లేదనీ, వీధుల్లో నక్కి ఉండాలనీ రాజుకి చెప్పు. అంతే."

మాంత్రికుడు చెప్పాడు. వాడు పగలుని రేయన్నా నమ్మే రాజు, దీనికీ సరేనన్నాడు.

మర్నాడు డప్పు మోగింది. ఊరంతా కంబం దగ్గర చేరింది. కొమరయ్య మెడకి తాడు తగిలించారు. రాజు చెయ్యెత్తేలోపల వీధుల్లోంచి కేకలు. భటులు దొంగల్ని లాక్కొచ్చారు. మూటల్నిండా బిందెలు, పట్టుచీరలు, చంటిపిల్లల చేతి మురుగులు.

"ఉరంటే భయం లేదట్రా మీకు?" అని గర్జించాడు రాజు.

"ఎందుకు లేదు మహారాజా, చూడండి, కాళ్ళు వణుకుతున్నాయి" అన్నాడు దొంగల్లో పెద్ద. "కానీ దొరికిపోతానని అనుకుంటూ ఎవడన్నా దొంగతనానికి బయల్దేరతాడా? మీ డప్పు మోగితే మాకు పండగ. ఇళ్ళల్లో మనిషుండడు. వీధిలో భటుడుండడు. ఇవాళెందుకున్నారో మాకు అర్థం కాలేదు."

ఊరు నిర్ఘాంతపోయింది. చిత్రభాను చిలకని బయటికి తీసి, ఈకల సంగతి చెప్పాడు. రాజు మొహం కందగడ్డయింది.

"నులుము దాని పీక! ఊరంతా చూడాలి!"

మాంత్రికుడు ప్రాణభయంతో నేల మీద పడ్డాడు. చిత్రభాను వేళ్ళు చిలక మెడ మీద బిగుసుకున్నాయి. నులమాలనే ఉంది అతనికి. గవరమ్మ మొహం చూశాడు. వేళ్ళు వదులు చేసి, చిలకని ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు ఎలా అంటే అలా, అమ్మా."

చిలక గుండె ఆమె అరచేతిలో టకటక కొట్టుకుంది. గవరమ్మ రాజు వైపు తిరిగింది.

"ఊరంతా చూడాలా? ఇన్నాళ్ళూ చూశాం కదా, ఏం బాగుపడ్డాం? దీని పీక నులిమితే నా పెనిమిటి లేచొస్తాడా? వీడు చెప్పాడు సరే, చెయ్యెత్తింది నువ్వు. నీ తప్పుకి కంబం ఎంత ఎత్తు పెట్టమంటావు రాజా? ముందు నా బిడ్డ మెడలో తాడు తియ్యి!"

రాజు తనే వెళ్ళి తాడు తీశాడు. ముడి ఒక పట్టాన రాలేదు.

ఉరికంబం పీకేశారు. మాంత్రికుణ్ణి, చిలకని చెరసాల్లో వేరువేరు గదుల్లో పెట్టి తాళం వేశారు. ఇళ్ళకి కన్నాలు వేసిన దొంగల చేతే ఆ ఇళ్ళ గోడలు మళ్ళీ కట్టించారు. భటులు రేయింబవళ్ళు వీధుల్లో తిరిగారు. తప్పు చేసినవాడు ఆ పూటే దొరికిపోతున్నాడు. దాంతో చేసేవాళ్ళు తగ్గిపోయారు.

చండసేనుడు చిన్నకొడుక్కి పట్టం కట్టాడు. చిత్రభాను నాగవల్లిని మనువాడతానన్నాడు. "మా అన్నని అడగండి" అంది నాగవల్లి. "గుర్రం మీద కూచోడం ఇప్పటికీ సరిగా రాదు. అయినా మంచోడే, చేసుకో" అన్నాడు కొమరయ్య.

పెళ్ళిలో చండసేనుడు తన చేతులతో పట్టుచీర తెచ్చి గవరమ్మకి పెట్టబోయాడు. ఆమె తీసుకోలేదు.

"పెళ్ళి పిల్లది. దీవిస్తాను. కోపం నాది. అది మాత్రం వదలమని అడక్కు" అంది.

భోజనాలయ్యేదాకా చండసేనుడు ఆ చీర పట్టుకుని నిలబడే ఉన్నాడు.

చిత్రభాను, నాగవల్లి బిడ్డాపాపలతో చాలాకాలం ఏలారు. వాళ్ళ ఏలుబడిలో ఎవరినీ ఉరితియ్యలేదు. గవరమ్మా నిండుగా బతికింది. వాళ్ళు అక్కడ చల్లగా ఉన్నారు, వినే పిల్లలు మీరిక్కడ చల్లగా ఉండండి.