కర్రెమ్మ లేని మంద

కోసిన చేలో కంచె కట్టి గొర్రెల మందను దించారు. కాపలాకి ఎర్రోడు, చుక్కడు అని రెండు పడుచు కుక్కలు. వాటి మీద పెత్తనానికి ముసలి కుక్క కర్రెమ్మ. ఆమె కరిచేది తక్కువ, కసిరేది ఎక్కువ. ఏ గొర్రె ఈనినా ఇద్దర్నీ పిలిచి పిల్ల వాసన చూపించేది. "ఇది మనది. గుర్తుందా?" దొంగ జంతువు కంచె దాటి పారిపోతే, "చాలు, ఇక రండి" అనేది. ఎన్నిసార్లు చెప్పినా ఈ మొద్దుబుర్రలకి ఎక్కదే అని ఆమె విసుగు.

ఇదంతా నక్క కనిపెట్టింది. కంచె అవతల కూర్చుని, "పులుల్లాంటోళ్ళు! నా తోక మీ పంటికి అందే వేళకే ముసల్ది ఆపుతుందేం? ఎవరి పక్షమో అడగండ్రా" అంది.

ఎర్రోడు అడగనే అడిగాడు. "అత్తా, నువ్వు నక్కకి చుట్టమా?"

కర్రెమ్మకి ఒళ్ళు మండింది. "మీకు పళ్ళు రాకముందు నుంచి కాస్తున్నా. మీకు నేను సంజాయిషీ చెప్పాలా? మీరే ఏలుకోండి!" అని గట్టు మీదికి పోయి, వాళ్ళకి వీపు పెట్టి పడుకుంది.

ఇక చూడాలి! ఆకు కదిలితే మొరుగుడు, పొట్టేలు దగ్గితే కాటు. కంచే చేను మేసినట్టయింది. సాయంత్రానికి బొల్లి గొర్రె ఈనింది. తడి పిల్ల, కొత్త వాసన.

"దొంగ!" అని చుక్కడు దూకి దాని చెవి పట్టాడు.

"నా బిడ్డ నాయనా, నా బిడ్డ!" అని బొల్లి గోల.

"చావండి, నాకేం?" అనుకుంది కర్రెమ్మ. పిల్ల అరిచింది. "ఛీ, పాడు బతుకు!" అంటూ లేచి ఉరికి, పిల్ల మీద అడ్డం పడింది. కాట్లు ఆమె వీపున దిగాయి.

"కరిచారా? కడుపు నిండిందా? ఇప్పుడు తల్లి వాసన చూడండి, పిల్ల వాసన చూడండి."

చూశారు. చుక్కడి తోక కాళ్ళ మధ్యకి పోయింది. "మనదే, అత్తా."

పిల్ల ఈపాటికి చచ్చే ఉంటుందని లెక్కేసుకున్న నక్క, కంచె కింద దూరి లొట్టలేస్తూ వచ్చింది.

"దీని వాసన కూడా చూడండి. ఇదీ మనదేనా?" అంది కర్రెమ్మ.

"కాదు!"

"మరి నా మొహం చూస్తారేం? పట్టండి!"

కంగారులో నక్కకి వచ్చిన కంత దొరకలేదు. "కర్రెమ్మా, చాలని చెప్పు తల్లీ!"

"చెప్తాలే. ముందు నా కోపం తగ్గనీ."

సగం తోక లోపలే వదిలి నక్క కంచె దూకింది. అప్పుడు అంది కర్రెమ్మ, "చాలు." ఇద్దరూ ఠక్కున ఆగారు.

ఒంట్లో రోగాన్ని తరిమే కావలి కూడా ఇంతే: పగవాణ్ణి కరవడం ఒక్కటే వస్తే చాలదు, మనవాణ్ణి వదలడం, వేళకి ఆగడం కూడా రావాలి.