అర చుట్టు

రవూఫ్‌కు లోకం మీద కోపం. ఆకలి గురించి, అన్యాయం గురించి దొరికిన పుస్తకమల్లా చదివాడు. చదివినకొద్దీ కోపం పెరిగింది. తనను కొండ ఊళ్లకు పంపమని గురువు జలాల్ బాబాను ఏడాదిగా అడుగుతున్నాడు. ఆ సూఫీ పెద్దాయన ఔననడు, కాదనడు.

ఒకప్పుడు బాబా జీపు వెనక ట్రైలర్ తగిలించుకుని ఆ ఊళ్లన్నీ తిరిగేవాడు. చక్రాల మీద చిన్న గది అది. వెళ్లేటప్పుడు అందులో మందులు, వచ్చేటప్పుడు ఆసుపత్రికి చేర్చాల్సిన రోగులు. మోకాళ్లు మొరాయించాక ఆయన తిరుగుడు ఆగింది. ట్రైలర్ దర్గా వెనక ఎండలో నిలబడిపోయింది. రవూఫ్ అందులోనే పడుకుని చదువుకునేవాడు.

ఆ రోజు జుమ్మా నమాజు అయ్యాక మళ్లీ అడిగాడు. "జనాన్ని నిద్ర లేపాలి బాబా. ఇంకా ఎన్నాళ్లు ఆగమంటారు?"

"పోదువులే బేటా. ముందు ట్రైలర్‌కు ఏం టైర్లు కావాలో చూసిరా."

రవూఫ్ వెళ్లి, వచ్చాడు. "మార్చే పనే లేదు బాబా. గ్రిప్పు కొంచెం కూడా అరగలేదు. మార్చమని చెప్పేది వ్యాపారులు. వాళ్లు అమ్మేది సరుకు కాదు, భయం."

"ఇది టైరుకు చెప్పినావా, నాకు చెప్తాండావా?" బాబా నవ్వుతూ కర్ర అందుకున్నాడు. "జీపు తగిలించు. రవ్వంత ముందుకు పోనీ."

రవూఫ్ జీపును మెల్లగా కదిలించాడు. ట్రైలర్ చక్రం అర చుట్టు తిరిగింది.

"ఆపు. దిగిరా."

ఇన్నాళ్లూ నేలకు ఆనుకున్న వైపు పైకొచ్చింది. అక్కడ టైరు చదునుగా అణిగిపోయి ఉంది. పక్కన నిండా పగుళ్లు. బాబా రవూఫ్ చేయి పట్టుకుని, బొటనవేలు ఒక పగులులో పెట్టి నొక్కాడు. గోరు మునిగింది. లోపలి దారాలు తగిలాయి.

కళ్లముందు ఘాట్ రోడ్డు మలుపు. ట్రైలర్‌లో పడుకున్న రోగి. పగిలే టైరు. రవూఫ్ వేలు వెనక్కి లాక్కున్నాడు.

"కానీ బాబా, ఇది ఏమాత్రం అరగలేదే."

"యాడికి పోయిందిరా, అరిగేదానికి?"

రవూఫ్ వంగి రెండో టైరు కూడా నొక్కి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఎలాంటివి తెమ్మంటారు? జీపులకు వేసే పెద్ద గ్రిప్పువి చూశాను. రాళ్లలో కూడా దూసుకుపోతాయట."

"అవి లాగే బండికి. ఇది మోసే బండి. బరువు పడితే ఊగకుండా నిలబడేటివి తే."

తెచ్చాడు. తనే బిగించాడు. ట్రైలర్‌లోంచి పుస్తకాలు దించి, ఆ చోట్లో మందుల పెట్టెలు సర్దాడు. దించమని బాబా చెప్పలేదు. దించుతుంటే వద్దనీ అనలేదు.

బయలుదేరే ముందు రవూఫ్ జీపు దిగి వచ్చాడు. "ఊళ్లలో ఏం చెప్పమంటారు బాబా?"

బాబా కర్ర ఆనించుకుని వంగాడు. కొత్త టైరు గాడులను వేలితో తడిమాడు.

"ఇవి అరిగినాక రా. అప్పుడు మాట్లాడుకుందాం."