గున్నమ్మ పాక మీద ఎండుగడ్డి

మా పరాంకుశం మేష్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, బస్సు వస్తుంది. ఆయన దగ్గర పరిశోధనకు చేరినవాళ్ళెవరికైనా మొదటి నెలలోనే ఒంటబట్టే సంగతి ఇది. సందేహం ఎంత పెద్దదైతే బస్సు అంత దూరం పోతుంది. అందుకని తెలివైనవాళ్ళు చిన్న చిన్న సందేహాలే అడిగి, సిటీ బస్సుతో బయటపడుతుంటారు. త్రినాథ్ మాత్రం ఆ రోజు నెలాఖరని కూడా చూసుకోకుండా చాలా పెద్దదే అడిగేశాడు.

"ఎదగడానికి కావలసినవన్నీ చేతికిచ్చినా ఎదగని వాళ్ళని ఏం చెయ్యాలి సార్?"

త్రినాథ్ మా అందరికన్నా సీనియరు. చూడవచ్చే జనం వల్ల ఒక ఊరి చెట్టూ చేమకు చెరుపు రాకుండా, అక్కడి చిన్న వ్యాపారాలు ఎలా పెరుగుతాయన్నది అతని పరిశోధన. దానికి శ్రీకాకుళం జిల్లాలో కొంగలవలస అనే ఊరిని ఎంచుకున్నాడు. చలికాలం మొదలయ్యే ముందు ఎక్కడెక్కడి నుంచో కొంగలు వందలకొద్దీ ఆ ఊరికి వస్తాయి. ఇళ్ళ మధ్య ఉన్న చింతచెట్ల మీదే గూళ్ళు కట్టుకుని, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. ఊరివాళ్ళు వాటిని పక్షులనరు, పురిటికొచ్చిన ఆడపిల్లలంటారు. వాటిని చూడడానికి జనం వస్తారు, ఆ జనం కోసం నాలుగు టీకొట్లు వెలిశాయి. అవి ఎంత ఎదిగాయో కొలవడానికి త్రినాథ్ పదకొండు పేజీల ప్రశ్నావళి తయారుచేశాడు. కొట్టు యజమానికి పళ్ళెన్ని అన్న ప్రశ్న ఒక్కటే అందులో లేదని మేమంటాం. అతను నవ్వడు. వచ్చేసారి చేరుద్దామా అని ఆలోచిస్తాడని నా అనుమానం.

ఆ కొట్లలో పాతది గున్నమ్మది. ఊళ్ళోకెల్లా పెద్ద చింతచెట్టు కిందే ఉంటుంది. బేరం బాగానే ఉన్నా త్రినాథ్ పట్టికలో మాత్రం మూడేళ్ళుగా అట్టడుగునే ఉంది. కారణం పైకప్పు. ప్రశ్నావళిలో తాటాకు కప్పుకి ఒక మార్కు, రేకుల కప్పుకి ఐదు. తతిమ్మా మూడు కొట్ల వాళ్ళూ రేకులు వేసుకున్నారు. గున్నమ్మ ఏటేటా దసరాకు కొత్త తాటికమ్మలు దింపించి మళ్ళీ తాటాకే నేయించుకుంటుంది. త్రినాథ్ మనసు మెత్తనిది. కాళ్ళరిగేలా తిరిగి, తన పరిశోధనకు సాయం చేస్తున్న సంస్థ చేత ఆవిడకు ఊరికే రేకులు ఇప్పించాడు. గున్నమ్మ సంతోషంగా తీసుకుంది, దీవించింది, వాటి మీద గుమ్మడి వడియాలు పెట్టుకుంది.

ఆఖరికి అతను నివేదికలో ఒక వాక్యం రాశాడు. పక్కా పైకప్పు లేని కొట్లను చెట్ల దగ్గర నుంచి తీయించి బస్సాగే చోటు వెనక్కి మార్చాలన్నది ఆ వాక్యం. పిల్లాడి చేత మందు మింగించడానికి ముక్కు మూసినట్టుగా, ఆ భయానికైనా గున్నమ్మ రేకులు వేస్తుందని అతని ఆశ. అతనేం రాస్తే అది ఈ ఏడే అమలు చేస్తామని సంస్థవారు మాటిచ్చారు కూడా. నివేదిక సోమవారం అందాలి. మేష్టారిని ప్రశ్న అడిగింది శుక్రవారం. అడిగేటప్పటికి ఆ కాగితాలు అతని సంచిలోనే ఉన్నాయి.

ఆ ఊరికి ఎప్పుడెప్పుడు వెళ్ళావని మేష్టారు అడిగారు. మూడేళ్ళూ మే నెలలో తప్పకుండా వెళ్ళానని త్రినాథ్ గర్వంగానే చెప్పాడు. అప్పుడైతే కొట్లవాళ్ళకు బేరాలుండవు, పదకొండు పేజీలకూ ఓపిగ్గా జవాబులు చెప్తారు. మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మే నెలలో కొంగలుంటాయా?"

ఉండవన్నాడు త్రినాథ్. టెక్కలి బస్సు ఎన్నింటికని అడిగారు మేష్టారు. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు నాకూ ఒక టికెట్టు పడింది.

మర్నాడు పొద్దున్నే మేష్టారితో కలిసి మేం దిగేసరికి కొంగలవలసలో చెట్లు ఆకుపచ్చగా లేవు, తెల్లగా ఉన్నాయి. కొమ్మ కొమ్మకీ గూళ్ళు, గూటి గూటికీ నోళ్ళు తెరిచిన పిల్లలు. ఆ గోలలో మాట వినబడాలంటే మనిషి దగ్గరగా జరగాల్సిందే. త్రినాథ్ ఊరి మొదట్లోనే ఆగిపోయాడు. మూడేళ్ళుగా తను పట్టికలు గీస్తున్న ఊరు అది కాదేమోనన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

గున్నమ్మకు యాభై దాటి ఉంటాయి. బక్కపలచటి మనిషి. పొయ్యి మీద గారెలు వేస్తూ మమ్మల్ని చూసింది. ఇన్నాళ్ళకి మా పిల్లల్ని చూడ్డానికొచ్చేవా రాతలబాబూ అంది. మూడేళ్ళుగా ఎప్పుడు చూసినా రాసుకుంటూనే కనబడ్డాడు కాబట్టి ఆవిడ అతనికి పెట్టుకున్న పేరది. బల్ల కింద అపురూపంగా దాచిన ఒక స్టీలు గ్లాసు తీసి, కడిగి, అందులోనే అతనికి టీ పోసింది. మాకు మామూలు గాజు గ్లాసులే.

పాక పైకప్పు మీదికి చూశాను. నున్నటి కొత్త తాటాకు కప్పు, దాని మీద మళ్ళీ మూరెడు మందాన ఎండుగడ్డి. ఆ గడ్డి కూడా త్రినాథ్ పట్టికలో ఉంది. వేసవిలో మిగిలిన కాస్తా కూస్తా చూసి, పశువుల మేత దాచుకోవడానికి వేరే చోటు లేదని రాసి, అర మార్కు తగ్గించాడు. గున్నమ్మకు పశువులు లేవు. ఆ ప్రశ్న ఎందుకోగాని పదకొండు పేజీల్లో ఎక్కడా పడలేదు.

అతను తాగకుండానే టీ బల్ల మీద పెట్టేశాడు. నిజాయితీ గల మనిషి కదా, సంచిలోంచి నివేదిక తీసి, ఆ వాక్యం తనే ఆవిడకు చదివి వినిపించాడు. రేకులు వెయ్యకపోతే ఈ చెట్టు కింద కొట్టు ఉండదని విడమరిచి చెప్పాడు. గున్నమ్మ వింటూనే గారెలు తిరగేసింది. తిరగెయ్యడం అయ్యాక అతని వైపు చూసింది.

"నువ్వు రాసేవంటే మంచికే రాసుంటావు బాబూ. ఎల్లమంటే ఎల్తాను. ఈ పురుళ్ళయ్యేదాకా ఆగమని రాయి, సాలు."

త్రినాథ్ తల దించుకున్నాడు. ఏమైనా అంటారేమోనని మేష్టారి వైపు చూశాను. ఆయన మూడో గారె తింటున్నారు.

అప్పుడే నెత్తి మీద ఏదో పడ్డ చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు, దిండు మీద దిండు పడ్డట్టు. గున్నమ్మ మూకుడు చూడమని నాకు చెప్పి, పాక వెనకున్న వెదురు నిచ్చెన తెచ్చి చూరుకి ఆనించి పైకెక్కింది. త్రినాథ్ తనకు తెలియకుండానే లేచి వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాడు. గూట్లో తోబుట్టువులతో పోట్లాడి ఓడిపోయిన కొంగపిల్ల ఒకటి, ఇంకా సరిగ్గా ఈకలైనా రానిది, గడ్డిలో కూరుకుని ముక్కు తెరిచి బిక్కుబిక్కుమంటోంది. దెబ్బ తగల్లేదు. గున్నమ్మ దాన్ని తీసి కొంగులో వేసుకుంది. అంత తొందరేటే నీకు అని మెల్లగా కోప్పడింది. సాయంత్రం చెట్టెక్కేవాళ్ళు వస్తారు, మళ్ళీ గూట్లో పెడతారని పైనుంచే మాకు చెప్పింది.

ఇదెందుకు మూడేళ్ళుగా నాకు చెప్పలేదమ్మా అన్నాడు త్రినాథ్.

"రేకులెందుకెయ్యవని అడిగేవు గానీ, గడ్డెందుకేసేవని అడగనేదు కదా బాబూ," అంది గున్నమ్మ. ఎత్తిపొడుపేం లేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. చూరు మీద గడ్డి సర్దుతూ, మిగతాది కూడా తనే చెప్పుకొచ్చింది. రేకుల మీద గడ్డి నిలవదు, జారిపోతుంది. వాళ్ళ అత్తగారి కాలంలో అక్కడ కొట్టు లేదు. గూళ్ళలో గుడ్లు పిల్లలయ్యే వేళకి ఊరివాళ్ళు చెట్ల కింద నేల మీద గడ్డి పరిచేవారు, జారిపడినవి మెత్తగా పడాలని. తతిమ్మా చెట్ల కింద ఇప్పటికీ పరుస్తారు. "ఇక్కడ కింద సోటు నాను తీసేసుకున్నాను. మరి ఆళ్ళెక్కడ పడతారు?"

ఇంతలో ఆ గడ్డిలోనే, నడికప్పు దగ్గర, ఇంకో పిల్ల కనబడింది ఆవిడకి. పొద్దున్నెప్పుడో పడినట్టుంది. కొంగులో ఉన్నదాన్ని ఒక చేత్తో అదుముకుని, రెండో చెయ్యి చాచుతూ నిచ్చెన చివరి మెట్టు మీదికి లేచింది. ఈ లోపల మూకుట్లో నా ఏలుబడిలో ఆరు గారెలు మాడాయి. ఆ నష్టానికి ఎవరి ప్రశ్నావళిలోనూ గడి లేదు కాబట్టి నేనూ బయటికి చెప్పలేదు.

త్రినాథ్ పైకి చూశాడు. తర్వాత బల్ల మీద తను వదిలేసి వచ్చిన నివేదిక వైపు చూశాడు. గాలికి దాని పేజీలు లేస్తున్నాయి. ఒక చెయ్యి నిచ్చెన మీద నుంచి తీసి దానికోసం చాచాడు. మూడేళ్ళ పని అది. ఆ ముఖంలో సిగ్గుంది, సిగ్గుకన్నా ఎక్కువగా తొందర ఉంది. తప్పు తెలిశాక ఒక్క క్షణం కూడా దాన్ని ఉంచుకోలేని మనిషి.

"ఆ పేజీ ఇప్పుడే చింపేస్తాను సార్," అన్నాడు. "ఆవిడ ఎదిగినట్టా, ఎదగనట్టా? దాని బదులు ఏం రాయమంటారు?"

పరాంకుశం మేష్టారు గారె ముక్క నోట్లో వేసుకుని, చెయ్యి తుడుచుకుని, ఎగిరిపోకుండా నివేదిక మీద ఆ స్టీలు గ్లాసు పెట్టారు.

"రాద్దువుగానిలే నాయనా. ముందు ఆ చెయ్యి నిచ్చెన మీద పెట్టు. ఆవిడింకా పైనే ఉంది."