తొండంతో తాగితే తాటిముంజలు

నీలిబండ అని ఒక పెద్ద అడవి. అందులో ఏనుగులు, దుప్పులు, కొండముచ్చులు, గోరింకలు, ఇంకా పేరు తెలియని పురుగూ పుట్రా ఎన్నో ఉండేవి. ఏనుగుల గుంపుకు సింగారవ్వ పెద్ద. ఆమె ఎటు నడిస్తే గుంపంతా అటు నడిచేది.

ఏనుగు పిల్లను గున్న అంటారు కదా. ఆ గుంపులో గున్నలకు ఒక ఆచారం ఉంది. గున్న నిలబడితే నేరేళ్ళు పంచాలి. ఈదితే ఈతపళ్ళు పంచాలి. తొండంతో నీళ్ళు తాగితే తాటిముంజలు పంచాలి.

మొగిలి అనే ఏనుగుకు ఒక్కడే కొడుకు. వాడి పేరు బొద్దు. పుట్టిన రోజున వాడి ముందు కాళ్ళు చెరో దిక్కుకు జారిపోయాయి. మూడుసార్లు బోర్లా పడ్డాడు. నాలుగోసారి నిలబడ్డాడు. అది చూసి మొగిలికి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. నేరేడు కొమ్మలన్నీ దులిపేసింది. అడవిలో దుప్పుల మూతులన్నీ ఊదా రంగుకు తిరిగాయి.

బొద్దు ఈదిన రోజున ఈతపళ్ళూ పంచింది. నిజానికి వాడు ఈదింది నాలుగు బారలే. తల్లి కళ్ళకు మాత్రం ఏరు దాటినట్టే కనిపించింది.

ఇక మిగిలింది తొండం. అది వాడి మాట వినేది కాదు. నడుస్తూ నడుస్తూ తన తొండం తనే తొక్కుకుని పడేవాడు. నిద్రొస్తే దాన్ని నోట్లో పెట్టుకుని చీకేవాడు. దాంతో నీళ్ళు పీలిస్తే తుమ్మొచ్చి, నీళ్ళన్నీ ఎదుటివాళ్ళ మొహాన పడేవి. చివరికి మోకాళ్ళ మీద వంగి, మడుగులో మూతి పెట్టి తాగేవాడు.

వాడు పుట్టాక మొదటి ఎండాకాలం వచ్చింది. ఒకరోజు వకుళ అనే ఏనుగు తోక ఊపుకుంటూ వచ్చింది.

"వదినా, మా చినుకు తొండంతో తాగేసింది! రేపు ముంజలకు రండి. అన్నట్టు, మీవాడికంటే నెల చిన్నది కదూ మా పిల్ల? మీవాడింకా మూతి పెట్టే తాగుతున్నాడా?"

"మావాడికేం? నిన్ననే తాగాడు," అంది మొగిలి.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. నోరు జారింది. వెనక్కి తీసుకుందామనుకునే లోపే పైకొమ్మ మీది గోరింక రెక్కలు టపటపలాడించింది.

"మొగిలి కొడుకు తొండంతో తాగాడహో! ముంజల పండగ ఉందహో!"

అడవంతా తెలిసిపోయింది. ముంజలు ముదిరితే పనికిరావు. వారం రోజుల్లో పండగ చెయ్యాల్సిందే. ఆ వారమంతా మొగిలి కొడుకును మడుగు దగ్గరే నిలబెట్టింది.

"పీల్చు నాయనా. పట్టి ఉంచు. వదలకు, వదలకు..."

తుమ్ము!

"నాకు రాదే అమ్మా," అనేవాడు బొద్దు.

"వస్తుంది. చినుకుకు రాలేదూ?"

పండగ రోజు అందరూ మడుగు చుట్టూ చేరారు. మొగిలి కొడుకును ముద్దు చేస్తున్నట్టు పక్కనే నిలబడి, వాడి మొహానికి తన తొండం అడ్డం పెట్టింది. బొద్దు ఎప్పటిలాగే వంగి మూతితో తాగాడు. అటువైపు వాళ్ళకు నీళ్ళు కదలడమే కనిపించింది. ఏనుగులు ఘీంకరించాయి. కొండముచ్చులు ముంజలు జుర్రుకుంటూ, "గట్టివాడే!" అన్నాయి.

సింగారవ్వ దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. "నిజంగా వచ్చిందా తల్లీ?"

"మీ కళ్ళతోనే చూశారు కదా అవ్వా."

"సరే అయితే. మడుగు ఎండిపోతోంది. పెద్ద ఏటికి పోవాలి. ఈసారి దొనల దారిన పోదాం."

ఏటికి రెండు దారులున్నాయి. ఇసుక దారిన పోతే ఐదు రోజులు పడుతుంది, కానీ అక్కడక్కడా నీటి గుంటలుంటాయి. దొనల దారిన మూడు రోజులే. దొన అంటే కొండబండల మధ్య వాననీరు నిలిచే ఇరుకైన గుంట. అందులో నీళ్ళు అడుగున ఎక్కడో ఉంటాయి. తొండానికే అందుతాయి, మూతికి అందవు. చెబుదామని మొగిలి నోరు తెరిచింది. ఎదురుగా వకుళ ముంజ తింటూ తననే చూస్తోంది. మొగిలి నోరు మూసుకుంది.

తెల్లవారాక గుంపు బయల్దేరింది. బండలు పెనంలా కాలుతున్నాయి. సాయంత్రానికి మొదటి దొన వచ్చింది.

"ముందు పిల్లలు. ఒక్కొక్కరికి నాలుగు తొండాల నీళ్ళు. అంతకు మించి లేవు," అంది సింగారవ్వ.

చినుకు గబగబా తాగేసింది. బొద్దు వంగాడు. మూతి పెడితే బండ తగిలింది. పక్కకు తిరిగి తల్లిని చూశాడు.

"అమ్మా, నీ తొండం అడ్డం పెట్టవా? ఆ రోజు పెట్టావుగా, అప్పుడే వస్తుంది నాకు."

అందరూ విన్నారు.

మొగిలి తల దించుకుంది. "వాడికి తాగడం రాదవ్వా. నేనే అబద్ధమాడాను."

సింగారవ్వ దొనలోకి ఒకసారి తొంగి చూసింది. తర్వాత అంది, "ముంజలు తినడానికా తల్లీ మనకీ ఆచారం? ఏ బిడ్డకు ఏం వచ్చో గుంపుకు తెలియాలని కదా. అది చూసుకునే నేను దారి ఎంచుకుంటాను. ఇప్పుడు వెనక్కి పోయి ఇసుక దారి పడితే ఆరు రోజులు. ముందుకు పోతే రెండు. పోవాల్సిందే."

"మరి బొద్దు?"

"వాడి వాటా నువ్వే తోడి పొయ్యి. చాలకపోతే నీ వాటా ఉంది కదా."

మొగిలి ముందు వాడి వాటా నీళ్ళు తోడి కొడుకు నోట్లో పోసింది. వాడికి అలా పట్టడం చేతకాలేదు. సగం గుటకేశాడు, సగం బండ మీద పడి ఆవిరైపోయింది. తర్వాత తన నాలుగు తొండాలూ వాడికే పోసింది. తను ఒక్క చుక్క తాగలేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి ఆమె నాలుక పిడచకట్టుకుపోయింది. అడుగులు తడబడ్డాయి. వకుళ వెనకనుంచి తల ఆనించి మెల్లగా తోసింది. ఎలాగో రెండో దొన దగ్గరికి చేరారు. మొగిలి బండ నీడన కూలబడిపోయింది. లేచి నీళ్ళు తోడే ఓపిక కూడా లేదు.

బొద్దు తల్లి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఈసారి పీల్చమని చెప్పేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు. గుంపంతా ఎండకు తాళలేక ముందు నీడ వెతుక్కుంటోంది. వాడు దొన దగ్గరికెళ్ళి తొండం లోపలికి దించాడు. పీల్చాడు. తుమ్మొచ్చింది. నీళ్ళన్నీ దొనలోకే పోయాయి. మళ్ళీ దించాడు. ఈసారి కళ్ళు గట్టిగా మూసుకుని పట్టి ఉంచాడు. అలాగే పట్టి ఉంచి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, తల్లి నోట్లో వదిలాడు.

ఓ గుక్కెడు ఉంటాయేమో. అందులోనూ సగం ఆమె చెవి మీద పడ్డాయి.

మొగిలి కళ్ళు తెరిచింది. వాణ్ణి చూసింది. వాడి తొండం చివర ఇంకా ఒక చుక్క వేలాడుతోంది.

"నువ్వు తాగావా నాయనా?"

"నువ్వు తాగాక తాగుతా."

ఇంకో నాలుగుసార్లు తెచ్చి తల్లికి పోశాక వాడూ తాగాడు. మొగిలి వాడి పక్కనే కూర్చుని చూసింది కానీ, ఈసారి తొండం అడ్డం పెట్టలేదు.

వకుళ పరుగున వచ్చింది. "వదినా, చూశాను! గోరింకను పిలవనా? చాటింపు వెయ్యమననా?"

"వద్దు వకుళా," అంది మొగిలి. "వాణ్ణి తాగనీ."

నీతి: బిడ్డ ఎదుగుదల చూసి మురిసిపోవాలి గాని, పోటీకి పోయి రానిదాన్ని వచ్చిందని చాటుకోకూడదు. ఆ గొప్ప మనదైనా, దాని బరువు మోసేది బిడ్డే.