వెన్ను నేలకంటాక

ఎమ్మెల్యే గంగారాంకు ఊళ్లో తలెత్తుకు తిరగడం కష్టమైంది. అయినా తాను చేసిన తప్పేమిటో మాత్రం అతనికి అర్థం కాలేదు.

రాజకీయాల్లోకి రాకముందు అతను కుస్తీ కోచ్. అతని చేతి కింద తయారైన కుర్రాళ్ళు జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చారు. అతను ఎన్నికల్లో నిలబడితే వాళ్ళే జెండాలు మోశారు. ఈమధ్య ఓ కాలనీ జనం మంచినీళ్ళ కోసం రోడ్డు మీద బైఠాయిస్తే, గంగారాం మైకు ముందు ఊగిపోయాడు.

"అడ్డమొస్తే పడెయ్యుండ్రి. పడ్డోన్ని గూడ ఇడువకుండ్రి!"

కుర్రాళ్ళు గురువు మాట జవదాటలేదు. ఆ కాలనీ పెద్ద నడుం విరిగి ఆసుపత్రిలో పడ్డాడు.

పత్రికలు దుమ్మెత్తి పోస్తుంటే గంగారాంకు తనకు కుస్తీ నేర్పిన ఖాసిం ఉస్తాద్ గుర్తొచ్చాడు. ఆ ముసలాయన మాటంటే జిల్లా అంతటా గురి. అనుచరులను వెంటేసుకుని, ఆయన కుస్తీ నేర్పే తాలీంఖానాకు వెళ్ళాడు.

ఉస్తాద్ గోదాలో నీళ్ళు చిలకరించి, పారతో మట్టి తిరగేస్తున్నాడు.

"నేను ఎవ్వర్నీ తాకలే ఉస్తాద్. నోటితోని ఓ మాటన్న, అంతే. నా తప్పు లేదని పేపరోళ్ళకు మీరొక్క మాట చెప్పుండ్రి."

ఉస్తాద్ పార పక్కన పెట్టాడు. "లోపలికి రా."

గంగారాం చెప్పులు విడిచి దిగాడు. అలవాటుగా వంగి మట్టి నుదుటికి అద్దుకున్నాడు. తలెత్తేసరికి ఉస్తాద్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"నా వీపు నేలకంటింది. నేను పడ్డోన్ని. నీ పోరగాండ్లకు చెప్పింది నాకు చేసి సూపియ్."

"ఉస్తాద్!"

"ఊఁ, కానియ్."

గంగారాం కాళ్ళు కదల్లేదు. ముసలాయన పక్కటెముకలు చొక్కాలోంచి తెలుస్తున్నాయి. ఈ గోదాలో గంగారాం మొట్టమొదట నేర్చుకున్నది పట్టు కాదు, పడ్డవాడికి చేయి అందించడం. అది నేర్పింది ఈయనే.

గుమ్మం దగ్గర అనుచరుడొకడు ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు. గంగారాం అటు చూసేసరికి దించేశాడు.

గంగారాం మోకాళ్ళ మీద కూలబడి చేయి చాచాడు. ఉస్తాద్ ఆ చేయి అందుకోలేదు. పక్కకు ఒత్తిగిల్లి, మోచేయి ఊని, ఆయాసపడుతూ తనంతట తానే లేచాడు. వీపు ఇటు తిప్పాడు.

"దులుపు."

గంగారాం దులిపాడు. తడిమట్టి రాలలేదు. దులిపినకొద్దీ చొక్కా నిండా అలుక్కుంది.

"పోతలేదు ఉస్తాద్..."

"నాకంటింది మట్టే గద బిడ్డా. నీళ్ళు పోసుకుంటే పోతది."

గంగారాం చేయి ఆ వీపు మీదే ఆగిపోయింది.

బయటకొచ్చి కారెక్కాడు. "ఎటు పోవాలె సార్?" అని డ్రైవరు అడిగాడు. గంగారాం మట్టంటిన అరచేతులు చూసుకుని, "ఆసుపత్రికి పోనియ్" అన్నాడు.