ఎవరూ తట్టి చూడని కుండ

అనగనగా, రాజు ఎక్కడో దూరాన, కాలువ మాత్రం గడప ముందరే ఉన్న ఊరొకటి. పేరు ఏటిగడ్డ. మొత్తం నలభై ఇళ్ళు.

ఆ ఊళ్ళో ఓబులమ్మ అనే కుమ్మరామె ఉండేది. మగడు పోయాక మరిది తిప్పన్న కుమ్మరి సారె తిప్పేవాడు. ఆమె చెక్కతో తట్టి కుండకు కడుపు తెచ్చేది. కుండలు కాల్చే ఆవం విప్పాక ఒక్కో కుండనూ వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి వినేది. ఖంగుమంటే గడప దాటేది. బొద్దుమంటే అక్కడే పెంకులయ్యేది.

"మా ఇంటినుంచి దొంగకుండ పోలేదు, పోదు" అనేది. ఆ మాటకు తగిన పని ఉంది గనక ఆ గర్వం ఆమెకు చెల్లింది.

ఇరవై ఏళ్ళ కిందట కాలువ పెద్ద కదిరప్ప, ఆమె కుండ కారుతోందని పదిమంది ముందు తిప్పి పంపాడు. కుండ మంచిదే. వాళ్ళ కోడలు దాన్ని ఉట్టి మీదనుంచి జారవిడిచింది. ఆ సంగతి ఊరు మరిచింది. ఓబులమ్మ మరవలేదు.

కాలువ పెద్ద అంటే ఏ పొలానికి ఏ పూట నీళ్ళో చెప్పేవాడు. కాలువలో కొత్త నీరు వచ్చేముందు ఏటేటా అతణ్ణి ఎన్నుకునేవారు. రెండు కొత్త కుండలు చాటున పెడతారు. ఎర్ర జాజు గీత కుండ కదిరప్పది, సున్నం గీత కుండ పోటీకి నిలిచిన చెన్నరాయుడిది. ఇంటికొక మగవాడు వెళ్ళి, తనకు నచ్చిన కుండలో ఒక చింతగింజ వేసి వస్తాడు. తరువాత కుండలు వంచి గింజలు లెక్కపెడతారు.

ఆ కుండలను ఆడవాళ్ళు ముట్టకూడదని కట్టుబాటు. ఆవంలోంచి తీసేదీ మగవాళ్ళే, లెక్కయ్యాక ఏట్లో కలిపేదీ మగవాళ్ళే. ఓబులమ్మ తట్టి చూడని కుండలు ఏడాది మొత్తానికి ఆ రెండే.

రెండేళ్ళు వరసగా కదిరప్పే గెలిచాడు. రెండేళ్ళూ కాలువ చివరి పొలాలు ఎండాయి.

మూడో ఏడు ఎన్నిక రేపనగా, కాలువ చివరింటి సుంకులమ్మ కుండ కొనడానికి వచ్చింది.

"ఓబులక్కా, చివరన ఇరవైమూడు ఇళ్ళం. అందరు మగవాళ్ళూ సున్నం కుండలోనే వేశామంటారు. పోయినేడు దాంట్లోంచి రాలినవి పధ్నాలుగు."

"మగవాళ్ళు ఇంటికొచ్చి నిజమే చెబుతారా ఏం?"

"చెప్పరు. కానీ ఇరవైమూడుమందీ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెప్పేంత పొత్తు వాళ్ళకు లేదక్కా. ఈ ఏడూ ఎండితే మేము ఊరు వదిలినట్టే. నీ దగ్గర కొనే ఆఖరి కుండ ఇదే."

ఆమె వెళ్ళాక ఓబులమ్మ ఆవం దగ్గరికి నడిచింది. ఊరి కుండలు రెండూ అక్కడే ఉన్నాయి.

"ముట్టకు వదినా" అన్నాడు తిప్పన్న.

ఆమె ముట్టింది. జాజు కుండను మూడుసార్లు కొట్టింది. ఖంగు, ఖంగు, ఖంగు. సున్నం కుండను కొట్టింది. బొద్దు, బొద్దు, బొద్దు. లోపల చెయ్యి పెడితే మెడ కింద మట్టితో మరో అంచు తగిలింది. కుండ వంచితే ఆ అంచు వెనక కొన్ని గింజలు చిక్కి, బయటికి రావు.

"ఎన్నేళ్ళుగా?"

"మూడు కుండలు, వదినా. కాలువ గట్టు మన్ను మనకే వదిలేస్తానన్నాడు కదిరప్ప. ఇప్పుడే పగలగొడతాను. ఇంకోటి చేస్తాను. ఎవరికీ తెలియదు, మన ఇంటి పేరు నిలుస్తుంది."

ఓబులమ్మ ఆవం బూడిద పక్కన చాలాసేపు కూర్చుంది. చాటున పగలగొడితే పేరు నిలుస్తుంది. కానీ ఎండిన రెండేళ్ళకు జవాబు ఎవరు చెబుతారు? ఈ కుండ కాకపోతే కదిరప్ప ఇంకో కుమ్మరిని వెతుక్కోడా?

"దాన్ని అలాగే ఉండనీ" అని లేచింది.

మరునాడు ఎన్నిక జరిగింది. జాజు కుండ వంచారు. పదిహేడు. సున్నం కుండ వంచారు. పన్నెండు.

"నలభై ఇళ్ళకు ఇరవైతొమ్మిదేనా?" అన్నాడు చెన్నరాయుడు.

"పదకొండుమంది పిడికిలి విప్పకుండానే తిరిగొచ్చారు. నువ్వంటే అంత ఇష్టం వాళ్ళకు" అని కదిరప్ప నవ్వాడు.

అప్పుడు ఓబులమ్మ ముందుకు వచ్చింది. వెనక సుంకులమ్మ, ఆమె వెనక చివరి ఇళ్ళ ఆడవాళ్ళంతా.

"ఆ కుండను ఒకసారి తట్టనివ్వండి."

"ఆడవాళ్ళు ముట్టకూడదు" అన్నారు పెద్దలు.

"మా ఇంటి గింజ ఏమైందో చెప్పండి. ముట్టం" అంది సుంకులమ్మ.

ఓబులమ్మ రెండోసారి అడిగింది.

"ఆమెకు నామీద పాత పగ. మీరు మరిచినా ఆమె మరవలేదు" అన్నాడు కదిరప్ప.

"ఉంది. చచ్చేదాకా ఉంటుంది. పగ నాది, కుండ ఊరిది. నన్ను నమ్మొద్దు, కుండను వినండి."

అయినా పెద్దలు కదల్లేదు. మూడోసారి అడిగేటప్పుడు ఆమె గొంతు తగ్గింది.

"ఇది మా ఆవంలో కాలిన దొంగకుండ. చేసింది మా తిప్పన్న, చేయించింది కదిరప్ప. నేను చెప్పింది తప్పయితే ఆవం ఆర్పి ఊరు వదిలిపోతాను. నిజమైతే ఆ సిగ్గు మొదట నాది."

తన ఇంటి తప్పు తానే చెప్పుకునే మనిషిని కాదనడం ఎవరివల్లా కాలేదు. పెద్దలు దారి ఇచ్చారు. ఆమె రెండు కుండలూ తట్టింది. ఊరంతా విన్నది. తరువాత తన చెక్కతోనే సున్నం కుండకు ఒక్క దెబ్బ వేసింది. పెంకుల నడుమ పదకొండు చింతగింజలు.

కదిరప్ప తలగుడ్డ సర్దుకుని ఇంటిదారి పట్టాడు. చెన్నరాయుడు కాలువ పెద్ద అయ్యాడు.

ఆ రోజే ఆడవాళ్ళు మూడు మాటలు అడిగి కట్టుబాటు చేయించారు. కుండను ముందు అందరి ఎదుటా తట్టాలి. ఇంటికి ఒకటి కాదు, ఆడమనిషికీ ఒక గింజ. వంచి కాదు, పగలగొట్టి లెక్కపెట్టాలి.

రెండేళ్ళకు సుంకులమ్మే కాలువ పెద్ద అయింది. నీళ్ళు చివరి పొలందాకా వెళ్ళాయి.

ఓబులమ్మ మూడేళ్ళు తిప్పన్నతో మాట్లాడలేదు. పని మాత్రం చేయించింది. కదిరప్ప కుండకు వస్తే మూడుసార్లు కొట్టి మంచిదే ఇచ్చింది.

"కారితే ఈసారి మీ కోడల్ని అడుగు" అంది.

కాబట్టి పిల్లలూ, పదిమందిదైన కుండను పదిమందీ తట్టి చూడాలి. తట్టేవాళ్ళు తమ ఇంటి కుండతోనే మొదలుపెట్టాలి.