చిన్న రైలు బాట మీద గౌరి నడక

అనగనగా ఒక ఊళ్ళో మామూలు రైలు కంటే చిన్న రైలొకటి తిరిగేదమ్మా. మనుషుల్ని ఎక్కించుకునేది కాదు. పొలాల నుంచి చెరకు మోసుకుని చక్కెర మిల్లుకు పోయేది. అది పోయే దారంతా బెల్లం పాకం వాసనే.

ఆ పట్టాల పక్కింట్లో సూరీడమ్మ అనే పిల్ల ఉండేది. రైలు నెమ్మదిగా నడిచేది కదా, పిల్లలంతా దాని పక్కనే పరిగెత్తి చెరకు గడలు లాక్కునేవాళ్ళు. రైలు వెళ్ళిపోయాక ఆ దారి వాళ్ళదే. తొక్కుడుబిళ్ళ అక్కడే, బిళ్ళంగోడు అక్కడే. ఇంట్లో అలిగితే వెళ్ళి మూతి ముడుచుకుని కూచునేదీ అక్కడే. చీకటి పడి తల్లులు పిలిస్తే, "ఇంకొంచెంసేపే అమ్మా!" అని అరిచేదీ అక్కణ్ణించే.

ఆ తర్వాత మిల్లు మూతపడింది. పట్టాలు పీక్కుపోయారు. ఖాళీ జాగా నిండా తుమ్మ తుప్పలు మొలిచాయి. ఊళ్ళో చెత్తంతా అక్కడికే చేరింది. పాముల భయంతో జనం అటు వెళ్ళడమే మానేశారు.

సూరీడమ్మ పెద్దదైంది. మెయిన్‌రోడ్డు పక్కన కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఆ ఊరి పిల్లలకి ఆడుకోవడానికి ఇంకో చోటు లేదు. బండి వస్తే పక్కకి, బండి పోతే మళ్ళీ రోడ్డు మీదికి. సూరీడమ్మ మిషను తొక్కుతూనే, "లారీ వస్తోంది, తప్పుకోండర్రా!" అని కేకలేసేది.

ఒక సాయంత్రం ఆ కేక అందలేదు. పక్కింటి దాలమ్మ కూతురు గౌరి, దొర్లిపోతున్న బంతి వెనక పరిగెత్తింది. అసిరయ్య నడిపే ఇసక లారీ కీచుమని ఆగింది. కానీ కాస్త ఆలస్యంగా ఆగింది. భయపడకు తల్లీ, ప్రాణం దక్కింది. కాలు విరిగింది.

అప్పుడు ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు వేసి, "కట్టు విప్పాక రోజూ నడిపించాలి. లేకపోతే కాలు బిగుసుకుపోతుంది" అంది.

"ఎక్కడ నడిపించమంటారమ్మా? ఆ రోడ్డు మీదేనా?" అంది దాలమ్మ.

 

పక్కనే ఉన్న సూరీడమ్మ ఆ మాట విన్నది. మర్నాడు మిషను మీద గుడ్డ కప్పేసి, పాత రైలు దారి వెతుక్కుంటూ వెళ్ళింది. ముళ్ళు తగులుకుని చీర చిరిగింది. అయినా వంగి చూసింది. తుప్పల కింద నేల అప్పట్లాగే చదునుగా, తిన్నగా ఉంది. "ఇక్కడే ఉన్నావుటే నువ్వు!" అంది, పాత స్నేహితురాల్ని పలకరించినట్టు.

అప్పుడామె మూడు గుమ్మాలు ఎక్కింది.

మొదట మున్సిపాలిటీకి వెళ్ళింది. "జాగా మాదేనమ్మా. తుప్పలు కొట్టే యంత్రం పంపిస్తాం. ఆ పైన పని చేయడానికి మా దగ్గర మనుషులు లేరు" అన్నాడు ఆఫీసరు. "మనుషుల్ని నేను తెస్తాను బాబూ" అంది సూరీడమ్మ.

ఆ తర్వాత పొదుపు సంఘం ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. "మన పిల్లల కోసమే కదా, రోజుకో వీధివాళ్ళం వస్తాం" అన్నారు వాళ్ళు.

ఆ తర్వాత డాక్టరమ్మ దగ్గరికి. "ఊళ్ళో సగం మందికి నడవమని చెబుతున్నాను. నడిచే చోటు మాత్రం చూపించలేకపోతున్నాను. నేనూ పార పట్టుకుంటాను" అందావిడ. అన్నట్టే వచ్చింది. అరిచేతులు బొబ్బలెక్కినా రావడం మానలేదు.

తుప్పలు పోయాయి. చెత్త పోయింది. ఇక బాట మీద పరవడానికి ఎర్రమట్టి కావాలి.

ఒక పొద్దున ఎర్రమట్టి నింపుకుని లారీ వచ్చింది. చూస్తే, గౌరిని గుద్దిన లారీయే! డ్రైవరు అసిరయ్యే!

దాలమ్మ ఎదురెళ్ళి చేతులు అడ్డం పెట్టింది. "ఈ బండి లోపలికి రావడానికి వీల్లేదు!"

అసిరయ్య దిగాడు. కళ్ళెత్తి చూడలేకపోయాడు. "బండి రాదమ్మా. మట్టి ఇక్కడే దింపి తట్టతో మోస్తాను" అన్నాడు.

అన్నట్టే మోశాడు. ఎండ నడినెత్తికొచ్చినా ఆపలేదు. దాలమ్మ చాలాసేపు అటు తిరిగే నిలబడింది. చివరికి ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి, గట్టు మీద పెట్టి వెళ్ళింది. అసిరయ్య ఆ గ్లాసు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మర్నాడు పాత టైర్లు తెచ్చి, బాట పక్క చెట్లకి ఉయ్యాలలు కట్టాడు.

ఇక కట్టు విప్పాక గౌరి నడక. మొదటి రోజు దూరంగా ఎక్కడో హారను మోగిందో లేదో, గబుక్కున తల్లి కొంగు పట్టుకుంది. వెనక్కి తీసుకొచ్చేశారు. కొన్నాళ్ళకి కుంటుకుంటూ సగం దారి నడిచింది. ఇంకొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఉయ్యాలల దగ్గర పిల్లల గోల విన్నది. తల్లి చెయ్యి వదిలేసింది. నడిచింది. ఆ తర్వాత పరిగెత్తింది!

"పరిగెత్తకే, పడతావు!" అని అరిచింది దాలమ్మ.

"పడితే పడనీవే. కింద ఉన్నది మట్టే కదా!" అంది సూరీడమ్మ.

గౌరి వెళ్ళి ఉయ్యాలెక్కింది. పక్కన నిలబడ్డ అసిరయ్యతో, "మావయ్యా, కాస్త ఊపవా?" అంది. అసిరయ్య దాలమ్మ వైపు చూశాడు. దాలమ్మ తలూపింది. ఆయన వేలితో తోసినట్టు మెల్లగా ఊపాడు.

"ఇంకా గట్టిగా!" అంది గౌరి.

పొద్దు వాలింది. డాక్టరమ్మ, ముసలివాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు కబుర్లాడుకుంటూ బాట మీద నడుస్తున్నారు. అప్పుడు ఒక్కో ఇంటి గుమ్మంలోంచీ తల్లుల పిలుపులు మొదలయ్యాయి. "చీకటి పడుతోంది, రండే! అన్నాలకి రండర్రా!"

ఉయ్యాలల దగ్గర్నించి పిల్లలంతా ఒక్క గొంతుతో, "ఇంకొంచెంసేపే అమ్మా!" అన్నారు.

సూరీడమ్మ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. ఆ మాట ఆ ఊళ్ళో విని ఎన్నేళ్ళయిందో! కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ అంటారేమోనని అక్కడే నిలబడింది. వాళ్ళు మళ్ళీ అన్నారు.

కథ నడిచీ నడిచీ కంచికి,
మనం నడిచీ నడిచీ ఇంటికి,
నిద్ర మెల్లగా నీ కంటికి!